హిస్టరీ క్లాసుకి నెట్ ఎలా వాడాలి, ఏ సైట్లు వాడాలి: 22 ఏళ్లుగా పాఠం చెప్తున్న అనుభవంతో

నమస్తే అండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైస్కూల్లో హిస్టరీ చెప్పడం మొదలుపెట్టి రెండేళ్లయిందని, క్లాసులోకి ప్రొజెక్టరు, నెట్ వచ్చాయని, ప్రాజెక్ట్ ఇస్తే పిల్లలందరూ సెర్చ్‌లో మొదట కనపడ్డ పేజీనే దింపేస్తున్నారని, అందుకని నమ్మకమైన సైట్ల లిస్ట్ ఒకటి కావాలని అడిగారు. చివర్లో వికీపీడియా, ఏఐ చాట్‌బాట్ అసలు ముట్టుకోవద్దని చెప్పెయ్యమంటారా అని కూడా అడిగారు. నేను ఈ పనిలో 22 ఏళ్లుగా ఉన్నాను, అందులో సగానికి పైగా నెట్ పెట్టుకునే పాఠం చెప్పాను, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నా, తీరిగ్గా చదవండి.

సైట్ల పేర్లు చెప్తాను, కానీ ఉత్త లిస్ట్ ఇస్తే పని జరగదు. మొదట్లో నేను చేసింది అదే. ఫ్రెంచ్ విప్లవం పాఠానికి 14 లింకులు ఏరి ప్రింట్ తీసి పంచాను, రాత్రంతా కూర్చుని ఏరిన లింకులు అవి, ఒక్కోటీ మంచిదే. వారం తర్వాత వచ్చిన నోట్‌బుక్కుల్లో ఒకే పేరా, అవే కామాలతో సహా. పిల్లల్ని తిట్టి లాభం లేదండి, వాళ్ల చేతికి నేను ప్రశ్న ఇవ్వలేదు, 14 జవాబులు ఇచ్చాను, అందులో దేన్ని దింపుకుంటే ఏంటి అన్నట్టు ఒకటి దింపుకున్నారు.

నెట్ వల్ల మనకి వచ్చిన అసలు లాభం ఏంటో ఆలోచించండి. ఇదివరకు ఏ పెద్ద లైబ్రరీకో వెళ్లి, పర్మిషన్ తీసుకుని, వాళ్ల రీడింగ్ రూములో కూర్చుంటే గానీ కనపడని అసలు కాగితం ఇప్పుడు పదమూడేళ్ల పిల్ల కళ్ల ముందు పెట్టగలుగుతున్నాం. దాని మడతలు, మరకలు, కొట్టివేతలు అన్నీ కనపడతాయి. ఆ కాగితాన్ని వదిలేసి దాని గురించి ఎవరో రాసిన సారాంశం దగ్గరికి పిల్లల్ని పంపేట్టయితే టెక్స్ట్‌బుక్కే చాలు కదా. అందుకే ఒక పీరియడ్‌కి ఒక ప్రశ్న, దానికి ఒక పత్రం, మహా అయితే మూడు, అంతకు మించి నేను పెట్టను.

నేను ప్రతి ఏడాదీ మొదటి వారంలో చేసే పాఠం ఒకటి చెప్తాను, మీరు యథాతథంగా వాడుకోవచ్చు. టైటానిక్. పిల్లలందరికీ కథ తెలుసు, అదే దీనికి బలం. 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి మంచుకొండని గుద్దింది, 15 తెల్లవారుజామున 2:20కి మునిగిపోయింది, సుమారు 1,500 మంది పోయారు, ఏడొందల పైచిలుకు బతికారు. ఇదంతా బోర్డు మీద రాసేసి, అప్పుడు పాత పేపర్లు తెరుస్తాను. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లది క్రానిక్లింగ్ అమెరికా అని పాత న్యూస్‌పేపర్ల సేకరణ ఉంది, రెండు కోట్ల పైన పేజీలు, పైసా కట్టక్కర్లేదు, తేదీ కొట్టి వెతకొచ్చు. అందులో 1912 ఏప్రిల్ 15, 16, 19 తేదీల మొదటి పేజీలు చూపిస్తాను. 15 సాయంత్రం వచ్చిన పేపర్లు కొన్ని ప్రయాణికులంతా క్షేమం అని, ఓడని కెనడాలోని హాలిఫాక్స్ రేవు వైపు లాక్కెళ్తున్నారని రాశాయి! అప్పటికి ఆ ఓడ సముద్రం అడుగున ఉండి గంటలు దాటిపోయింది.

ఇది చూడగానే క్లాసు అంతా ఒక్కసారి "అబద్ధం సార్" అంటుంది. అక్కడ ఆగండి, వెంటనే వివరణ ఇచ్చెయ్యకండి, ఇక్కడే పాఠం ఉంది. ఆ వార్త కింద ఎవరు చెప్పారని రాశారో వెతకమనండి. కొన్ని చోట్ల వైర్‌లెస్ మెసేజ్ అని ఉంటుంది, కొన్ని చోట్ల ఓడ కంపెనీ ఆఫీసులో పెద్దాయన ఓడ మునిగే ప్రసక్తే లేదని ధీమాగా చెప్పిన మాటలు ఉంటాయి, కొన్ని చోట్ల ఎవరు చెప్పారో ఉండనే ఉండదు. ఆయన న్యూయార్క్‌లో ఉన్నాడు, ఓడ నడిసముద్రంలో ఉంది, మరి ఆయనకెలా తెలుసు? ఈ ప్రశ్న ఒక పిల్లాడి నోటి నుంచి రావడానికి పది నిమిషాలు పట్టినా సరే ఆగండి. అసలు కారణం, రకరకాల ఓడల వైర్‌లెస్ మెసేజ్‌లు కలగాపులగం అయిపోయి, వేరే ఓడని లాక్కెళ్తున్న కబురు దీనికి అతుక్కుందని చెప్తారు, అది ఆఖర్న చెప్పండి. ఇంకో చిత్రం, న్యూయార్క్ టైమ్స్ 15 పొద్దుటి ఎడిషన్‌లోనే ఓడ మునుగుతోందని, ఆడవాళ్లని లైఫ్‌బోట్లలోకి దింపారని వేసింది, అంటే పొద్దున వచ్చిన పేపరు సాయంత్రం వచ్చిన పేపరు కంటే నిజానికి దగ్గరగా ఉంది. తర్వాత వచ్చిన వార్తే ఎప్పుడూ సరైనది అనుకునే పిల్లలకి ఇది గట్టిగా తగులుతుంది. ప్రాణాలతో ఉన్నవాళ్లని ఎక్కించుకున్న కార్పేథియా ఓడ 18 రాత్రికి న్యూయార్క్ చేరింది, చూసినవాళ్ల నోటి మాటలు పేపర్లనిండా వచ్చింది ఆ తర్వాతే, అందుకే 19వ తేదీ పేజీ పెట్టమన్నాను. మూడు పేజీలు, నలభై నిమిషాలు. ఆ రోజు నుంచి ఏ పేజీ తెరిచినా "ఇది రాసినాయనకి ఎలా తెలుసు" అనే ప్రశ్న ఏడాదంతా వాళ్ల నోట్లో ఉంటుంది.

ఇప్పుడు వెతకడం గురించి. పిల్లలకే కాదు, చాలామంది టీచర్లకి కూడా ఇది ఎవరూ నేర్పలేదు. పాత పత్రాల్లో వెతికేటప్పుడు ఆ కాలంవాళ్లు వాడిన మాటతో వెతకాలి. 1915 పేపర్లలో "మొదటి ప్రపంచ యుద్ధం" అని కొడితే ఏం దొరుకుతుంది చెప్పండి, రెండోది ఇంకా రాలేదు కదా, అప్పటివాళ్లు "గ్రేట్ వార్" అనో "యూరోపియన్ వార్" అనో రాసేవాళ్లు. ఊళ్ల పేర్లూ అంతే, సెయింట్ పీటర్స్‌బర్గ్ 1914లో పెట్రోగ్రాడ్ అయింది, 1924లో లెనిన్‌గ్రాడ్ అయింది, 1991లో మళ్లీ పాత పేరు వచ్చింది, ఏ ఏడాది గురించి వెతుకుతున్నామో దాన్నిబట్టి పేరు మార్చాలి. తేదీలు ఇంకో చిక్కు. రష్యాలో అక్టోబర్ విప్లవం నవంబర్ 7న ఎందుకు జరుపుకున్నారని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు, వాళ్ల పాత క్యాలెండర్‌లో అది 1917 అక్టోబర్ 25, పశ్చిమ యూరప్ క్యాలెండర్‌లో నవంబర్ 7. 1918లో రష్యా క్యాలెండర్ మార్చుకున్నప్పుడు జనవరి 31 తర్వాత రోజు ఫిబ్రవరి 14 అయింది. ఇది తెలియకపోతే రెండు సైట్లలో రెండు తేదీలు చూసి పిల్లలు ఏదో ఒకటి తప్పనుకుంటారు.

ఇంకొకటి, స్కాన్ చేసిన పేజీలో మనం వెతికే అక్షరాలు కంప్యూటర్ చదివి రాసుకున్నవి, అది తప్పు చదువుతుంది. 1800కి ముందు అచ్చైన ఇంగ్లీషు పుస్తకాల్లో ఒక పొడుగు "ఎస్" ఉండేది, చూడ్డానికి అచ్చం "ఎఫ్"లా ఉంటుంది, దాంతో "బెస్ట్" అన్న మాట చాలా చోట్ల "బెఫ్ట్" అని నమోదైపోయింది. కాబట్టి వెతికితే రాలేదంటే లేదని కాదు. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ల ట్రోవ్ సైట్లో ఇలాంటి తప్పుల్ని మామూలు జనమే కూర్చుని దిద్దుతారు, పేజీ బొమ్మ పక్కనే అక్షరాలు ఉంటాయి, రెండూ పోల్చి సరిచెయ్యొచ్చు. నేను శ్రద్ధ తక్కువ అనుకున్న పిల్లలకి ఈ పని అప్పగించి చూశాను, లైన్ తర్వాత లైన్ ఎంత ఓపిగ్గా చదివారో చెప్పలేను, నాకే కళ్లు చెమర్చాయి.

ఫోటోల గురించి నా సొంత తప్పు ఒకటి చెప్తాను, మీరు చెయ్యకుండా ఉంటారని. మొదటి ప్రపంచ యుద్ధం పాఠంలో ఏళ్ల తరబడి ఒక బొమ్మ చూపించాను, సైనికులు ట్రెంచ్‌లోంచి, అంటే తవ్వుకున్న కందకంలోంచి, పైకెక్కి దాడికి వెళ్తుంటారు, ఒకడు వెనక్కి జారి పడిపోతాడు, చూస్తే గుండె కలుక్కుమంటుంది. ఒక ఏడాది వెనక బెంచీలో అమ్మాయి లేచి "సార్, అవతల నుంచి గుళ్లు వస్తుంటే ఫోటో తీసేవాడు అంత ఎత్తున ఎలా నిలబడ్డాడు? వీళ్ల వీపు మీద మూటలు కూడా లేవేంటి?" అంది. నా దగ్గర జవాబు లేదు, రేపు చెప్తానమ్మా అన్నాను. ఇంటికెళ్లి వెతికితే అది 1916లో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం మీద బ్రిటిష్‌వాళ్లు తీసిన డాక్యుమెంటరీ ఫిల్మ్‌లోది, ఆ ఫిల్మ్‌లో చాలాభాగం నిజంగా అక్కడ తీసిందే, కానీ ఈ దాడికి ఎక్కే సీను మాత్రం యుద్ధరంగానికి వెనకాల ట్రైనింగ్ స్కూల్ దగ్గర నటింపజేసి తీసింది. మర్నాడు క్లాసులో అదంతా చెప్పి, ఆ అమ్మాయి అడిగిన రెండు ప్రశ్నలూ బోర్డు మీద రాయించాను. ఇప్పుడూ అదే బొమ్మ చూపిస్తా, అయితే "కెమెరా ఎక్కడుంది?" అన్న ప్రశ్నతో మొదలుపెడతా. రంగులద్దిన పాత ఫోటోలు కూడా జాగ్రత్త, ఆ రంగులు చాలావరకు ఇప్పటివాళ్ల ఊహ, చొక్కా నీలం అని పిల్లలు నోట్స్‌లో రాసుకుంటారు. ఎప్పుడూ ఫోటో ఉన్న మ్యూజియం లేదా ఆర్కైవ్ (పాత పత్రాలు భద్రపరిచే సంస్థ) పేజీకే వెళ్లండి, కింద ఎవరు తీశారు, ఎప్పుడు, ఎలా వాళ్ల చేతికొచ్చింది అని రాసి ఉంటుంది, ఆ నాలుగు లైన్లు బొమ్మంత ముఖ్యం.

సైట్ నమ్మొచ్చా లేదా అనేది ఎలా తేల్చాలి? డొమైన్ పేరు చూడు, డిజైన్ చూడు, "మా గురించి" పేజీ చదువు అని మనకి నేర్పారు, అది సరిపోదు. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో 45 మందిని కూర్చోబెట్టి చూశారు, 10 మంది హిస్టరీలో పీహెచ్‌డీ చేసినవాళ్లు, 10 మంది ఫ్యాక్ట్‌చెకర్లు (వార్తల్లో నిజానిజాలు తేల్చడమే పనిగా ఉన్నవాళ్లు), 25 మంది డిగ్రీ స్టూడెంట్లు. అంత చదువుకున్న చరిత్రకారులు కూడా పేజీని పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివి చాలాసార్లు బోల్తా పడ్డారు. ఫ్యాక్ట్‌చెకర్లు మాత్రం పేజీని కాసేపు చూసి వదిలేసి, పక్కన కొత్త ట్యాబ్‌లు తెరిచి ఈ సైట్ వెనక ఎవరున్నారో, దాని గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు, త్వరగా తేల్చేశారు. ఇది పిల్లలకి ఒక్క పీరియడ్‌లో నేర్పొచ్చు: తెలియని పేజీ చదవడం మొదలుపెట్టకముందే బయటికి రా, ఆ సంస్థ పేరు వెతుకు, తర్వాత వెనక్కి వెళ్లు.

అందుకే వికీపీడియా వద్దని నేను చెప్పను. ఆ బయటికొచ్చి చూసే పనికి అదే పనికొస్తుంది. పైగా దాంట్లో "చరిత్ర" అనే ట్యాబ్, "చర్చ" అనే ట్యాబ్ ఉంటాయి, ఒక యుద్ధం గురించి ఎవరెవరు ఏమేం మార్చారో, దేనికోసం కొట్టుకుంటున్నారో అక్కడ కనపడుతుంది, పెద్ద పిల్లలకి అది చూపిస్తే చరిత్ర అనేది ఇంకా తేలని వాదన అని కళ్లారా అర్థమవుతుంది. కానీ నోట్స్‌లో సోర్స్‌గా వికీపీడియా అని రాస్తే ఒప్పుకోను, ఆ పేజీ అడుగున ఇచ్చిన మూలం తెరిచి, అందులో ఆ మాట నిజంగా ఉందో లేదో చూసి, దాని పేరు రాయాలి. తెరిస్తే ఆ మాట అక్కడ లేని సందర్భాలు పిల్లలే పట్టుకొచ్చారు.

చాట్‌బాట్ సంగతి వేరు. అది ఒక్కోసారి పుస్తకం పేరు, పేజీ నంబరు, ఉత్తరంలో మాటలు అన్నీ కల్పించి అంతే నమ్మకంగా చెప్పేస్తుంది, వెతికితే ఆ పుస్తకమే ఉండదు. పాత ఇంగ్లీషులో ఉన్న కష్టమైన వాక్యం అర్థం కాకపోతే అడగడానికి, ఒక టాపిక్‌లో ఏమేం ప్రశ్నలు వేసుకోవచ్చో తట్టడానికి పర్లేదు, నేనూ వాడతాను. సాక్ష్యంగా మాత్రం ఒక్క లైను కూడా ఒప్పుకోకండి. నేను అడిగేది ఒకటే, "అసలు కాగితం చూపించు". చూపిస్తే సరే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే దగ్గరైన సైట్ గురించి. స్లేవ్ వాయేజెస్ అని, అట్లాంటిక్ మీదుగా బానిసల్ని తరలించిన ఓడల డేటాబేస్. 36,000 పైన ప్రయాణాలు ఒక్కో లైనుగా ఉంటాయి. ఆఫ్రికాలో ఓడలెక్కించినవాళ్లు మొత్తం 1 కోటి 25 లక్షల మంది అని, అవతలి తీరంలో దిగింది 1 కోటి 7 లక్షల మంది అని వాళ్ల అంచనా. ఆ తేడా బోర్డు మీద తీసివేత చేయించండి, మాటల్తో చెప్పకండి. తర్వాత ఒక్క ప్రయాణం తెరిచి, అడ్డంగా ఒక్కో గడి చదివించండి. ఓడ పేరు ఉంటుంది. కెప్టెన్ పేరు ఉంటుంది. యజమాని పేరు, బయల్దేరిన రేవు, చేరిన రేవు ఉంటాయి. ఎక్కించిన మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఒక సంఖ్య ఉంటుంది, దిగినవాళ్ల దగ్గర ఇంకో సంఖ్య. నా క్లాసులో ఒక అబ్బాయి "వీళ్ల పేర్లేవి సార్" అని అడిగాడు, ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పేర్లు రాసుకోవాల్సిన అవసరం ఆ లెక్కలు రాసినవాళ్లకి లేదు. అయితే బానిస వ్యాపారం నిషేధించాక పట్టుబడ్డ ఓడల్లోంచి విడిపించినవాళ్ల పేర్లు మాత్రం అధికారులు రాసుకున్నారు, అలాంటివి 91,000 పైన పేర్లు, వయసు, ఎత్తుతో సహా, అదే ప్రాజెక్టులో ఉన్నాయి. మర్నాడు అది తెరిచి, ఒక్కొక్కళ్లని ఒక పేరు ఎంచుకుని నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. ఎనిమిదేళ్ల పిల్లల పేర్లు కూడా ఉంటాయి అందులో.

మామూలు మనుషుల గొంతు వినాలంటే ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్ చూడండి, 1674 నుంచి 1913 దాకా లండన్‌లో ఓల్డ్ బెయిలీ అనే క్రిమినల్ కోర్టులో నడిచిన 1,97,000 పైన కేసుల రికార్డు. చేతిరుమాలు దొంగతనం కేసులు కూడా ఉంటాయి, సాక్షుల మాటలు ఉంటాయి, కాకపోతే హింస, అత్యాచారం కేసులూ ఉంటాయి కాబట్టి పిల్లల చేతికి నేరుగా ఇవ్వకండి, మీరు ముందే ఒకటి ఎంచి దాన్నే ఇవ్వండి. తయారుగా ఉన్న పాఠాలు కావాలంటే స్టాన్‌ఫోర్డ్‌లో మొదలై ఇప్పుడు డిజిటల్ ఎంక్వైరీ గ్రూప్ పేరుతో నడుస్తున్నవాళ్లవి, బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ ఎడ్యుకేషన్ పేజీ, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌వాళ్ల డాక్స్‌టీచ్, ఈ మూడూ చాలు. బ్రిటన్‌వాళ్ల పేజీలో చాలా పత్రాలకి చేతిరాత స్కాన్, టైప్ చేసిన పాఠం, కొన్నిటికి సులువు చేసిన పాఠం కూడా ఉంటాయి. గ్రీకు, రోమన్ గ్రంథాలకి పర్సియస్, పాత మ్యాపులకి డేవిడ్ రమ్సీ సేకరణ, యూరప్‌లో చాలా మ్యూజియంల సేకరణలు ఒకచోట వెతకాలంటే యూరోపియానా, పాత పుస్తకాలకి ఇంటర్నెట్ ఆర్కైవ్.

అయితే ఒకటి పిల్లలకి పదే పదే చెప్పండి, నెట్‌లో ఉన్నదంతా చరిత్ర కాదు. ఆర్కైవుల్లో ఉన్న కాగితాల్లో స్కాన్ అయింది కొద్దిభాగమే, డబ్బున్న దేశాలవి, అచ్చైనవి, ఇంగ్లీషువి ఎక్కువ అయ్యాయి. చదువు రానివాళ్ల జీవితాలు కాగితం మీదకే తక్కువ ఎక్కాయి, ఎక్కినా కోర్టులో, జైల్లో, పన్నుల లెక్కలో ఎవరో రాస్తే ఎక్కాయి. ఒక టాపిక్ మీద కుప్పలుగా దొరికి ఇంకోదాని మీద ఏమీ దొరకలేదంటే, అది ఎందుకో కూడా రాయమని నేను మార్కులిస్తాను.

ఇక చిన్న చిన్న సంగతులు. క్లాసులో నెట్ మీద ఆధారపడొద్దు, ముందురోజే పేజీలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, పెద్ద స్కాన్లు తెరుచుకునేసరికి సగం పీరియడ్ పోతుంది. లింకులు చచ్చిపోతుంటాయి, వేబ్యాక్ మెషిన్ అని వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే సైట్ ఉంది, అందులో ఆ పేజీని సేవ్ చేసి ఆ అడ్రస్ కూడా రాసిపెట్టుకోండి. పత్రం మొత్తం పెట్టకండి, ఎనిమిది పది లైన్లు చాలు, క్లాసులో మాట్లాడే భాషలోకి మీరే మార్చి పక్కన అసలు బొమ్మ పెట్టండి, ట్రాన్స్‌లేటర్ వాడితే మీరు ఒకసారి సరిచూడండి, పాత మాటల్ని అది ఇప్పటి అర్థంలో తీసుకుంటుంది. అందరికీ కంప్యూటర్లు లేకపోతే ప్రింట్ తీసి నలుగురికి ఒకటి ఇవ్వండి, నిజానికి నలుగురూ ఒకే కాగితం మీద వంగి చదివినప్పుడు మాటలు బాగా వస్తాయి.

ప్రాజెక్ట్ దింపేస్తున్నారన్న మీ బాధకి నేను చేసిన మార్పు ఇది. "నెపోలియన్ గురించి రాయండి" లాంటి టాపిక్కులు తీసేశాను. ఇప్పుడు ఒకే సంఘటన మీద రెండు పత్రాలు నేనే ఇస్తాను, మూడోది వాళ్లు వెతికి తేవాలి. రాయాల్సింది ఒకటిన్నర పేజీ: ఈ మూడూ ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ కొట్టుకుంటున్నాయి, నువ్వు దేన్ని ఎంతవరకు నమ్ముతావు, ఎందుకు, మూడోది ఎలా దొరికింది, ఏ మాటలతో వెతికితే దొరకలేదు. ఆ ఆఖరి ప్రశ్నకి 20లో 5 మార్కులు. దొరకని వెతుకులాట ఏ పేజీ నుంచీ దింపడానికి కుదరదు, వాళ్లు నిజంగా కూర్చుని వెతికితేనే రాయగలరు.

వచ్చే వారం టైటానిక్ పేజీలతో మొదలుపెట్టి చూడండి. 15వ తేదీవి సాయంత్రం పేపర్లే ఎంచుకోండి, పొద్దుటివి తీస్తే "అందరూ క్షేమం" కనపడదు. క్లాసులో పిల్లలు ఏమన్నారో వచ్చి రాయండి, తర్వాత ఏ పత్రం పెట్టాలో దాన్నిబట్టి చెప్తాను.